పైసలు తీసుకుంటాం, పేరు వద్దు

దానం గుట్టుగా చేయాలని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. నలుగురి ముందు ఇచ్చినా మంచిదే, చాటుగా పేదవాడి చేతిలో పెడితే ఇంకా మంచిదని ఖురాన్ బోధ. ఆ గుట్టు పేదవాడి ఇజ్జత్ కోసం. ఇవాళ మా దానం చుట్టూ మరో గుట్టు పేరుకుంటోంది. ఇది భయం వల్ల పుట్టిన గుట్టు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవద్దన్నదే మా మాట.

మాది బాన్సువాడ దగ్గరి మహమ్మద్ నగర్. నిజాంసాగర్ పక్కనే ఉన్నా, ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది గల్ఫ్‌లో కారిన చెమటతోనే. అక్కడ పనిచేసే మా పిల్లలు కిడ్నీలు పాడైన ఒక మనిషి కోసం చందా పోగేశారు. వైద్యం చేయిస్తున్నది అన్ని మతాల వాళ్లూ ఉన్న ఒక సేవాసంస్థ. కరపత్రం మీద మీ పేరు వేస్తామన్నాం. "పైసలు పంపండి, మా పేరు మాత్రం వెయ్యకండి" అన్నారు. మనసు చివుక్కుమంది.

కోపం తగ్గాక ఆలోచిస్తే వాళ్లవైపూ కొంత న్యాయం కనబడింది. సేవాసంస్థకు పేరే ఆస్తి. రంజాన్‌లో మస్జిదుల ముందు రసీదు బుక్కులతో నిలబడే సఫీర్లను చూడండి. పెద్ద మదర్సా ఇచ్చిన తస్దీక్‌నామా ఉంటేనే మనం జేబులో చెయ్యి పెడతాం. దాని మీద సంతకం చేసిన పెద్దమనిషి ఆ బుక్కులోని ప్రతి రూపాయికీ పూచీ పడ్డట్టే. వసూలు చేసినవాడు కమీషన్ మింగినా, జకాత్‌నూ మామూలు చందానూ కలిపేసినా, ఎన్నికల్లో నిలబడ్డవాడి ఫోటో మధ్యలో దూర్చినా బద్‌నాం అయ్యేది సంతకం పెట్టినవాడే. లెక్క తన చేతిలో లేనప్పుడు పేరు ఇవ్వనంటే అది అమానత్‌ను కాపాడుకోవడం. దాన్ని మేము తప్పు పట్టం.

చట్టం భయం కూడా ఉంది. విదేశీ విరాళాల మీద 1976లో ఒక చట్టం, 2010లో దాని స్థానంలో మరొకటి వచ్చాయి. 2020 సవరణతో పట్టు ఇంకా బిగిసింది. ఒక సంస్థ పుచ్చుకున్న విదేశీ విరాళం మరో సంస్థకు ఇవ్వకూడదు. ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. నిర్వహణ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. 2021 క్రిస్మస్ నాడు మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకే రిజిస్ట్రేషన్ రెన్యువల్ నిరాకరించి, 2022 జనవరిలో తిరిగి ఇచ్చారు. అంతటి సంస్థకే ఆ గతి పడితే జిల్లాలోని చిన్న సంస్థ వణకడంలో వింతేముంది?

కానీ ఇక్కడే ఆగి ఒక మాట అడగాలి. భారత పౌరుడు పరాయి దేశంలో కష్టపడి, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. సౌదీలోనో దుబాయిలోనో మేస్త్రీ పని చేసే మా పిల్లవాడికి అక్కడి పౌరసత్వం ఎవరిస్తారు? వాడి దగ్గర ఉన్నది ఈ దేశపు పాస్‌పోర్టే. అమెరికా పౌరుడైపోయిన తెలుగాయన పంపే డాలరే చట్టం దృష్టిలో విదేశీ విరాళం. మరి ఊళ్లలో జరిగేదేమిటి? డాలరుకు శాలువా, బడి గోడ మీద శిలాఫలకం. రియాలుకు అనుమానం. చట్టం పాస్‌పోర్టు చూస్తోంది. మనుషులు పేరు చూస్తున్నారు.

సెక్యులర్ మిత్రులారా, మీరు మా పైసలు తీసుకుని పేరు కాదన్నప్పుడు కారణం చెప్పండి. లెక్కలు సరిగా లేవంటే ఒప్పుకుంటాం, సరిచేసుకుంటాం. బ్యాంకు కాగితాలు అడగండి, ముందు పెడతాం. చట్టం అడ్డొస్తుందంటే ఏ నిబంధనో చూపించండి. ఏమీ చెప్పకుండా "ఇప్పుడు పరిస్థితులు బాగాలేవు కదా" అని తల దించుకుంటే, ఆ పరిస్థితులకు మీరు కూడా ఒక చెయ్యి వేస్తున్నట్టే.

మా వాళ్లకూ ఒక మాట. బియ్యం సంచీ ఇస్తూ బేవా తల్లి ముఖాన్ని ఫోటో తీసి ఊరంతా తిప్పుతున్నాం. వసూలెంత, ఖర్చెంత అంటే మాత్రం నోరు మెదపం. దాచవలసింది ఆమె ముఖం. గోడకు అంటించవలసింది లెక్క. మనం దీన్ని తలకిందులు చేసుకుని, ఇతరులు నమ్మడం లేదని ఏడిస్తే ఎట్లా?

ఆ చందా చేరింది. వైద్యానికి పనికొచ్చింది. మా పిల్లల పేర్లతో రసీదులూ వచ్చాయి. కరపత్రం మాత్రం అచ్చు కాలేదు. రసీదు రాయడానికి పనికొచ్చిన పేర్లు నలుగురి ముందు చెప్పడానికి ఎందుకు పనికిరాలేదో మాకు ఎవరూ చెప్పలేదు. ఇంకా అడుగుతూనే ఉన్నాం.