పరుపులో దాచిన రొట్టె

ఇవాన్ డెనీసొవిచ్ షూహొవ్ తన వాటాకు వచ్చిన రొట్టెను పొద్దున్నే చేత్తో తూచుకుంటాడు. 550 గ్రాములుండాలి. ఓ 20 గ్రాములు తక్కువే ఉందని అరచెయ్యే చెబుతుంది. ఇప్పుడే అంతా మింగేస్తే కడుపుకు పట్టదు. బయట పెడితే ఎవడో ఎత్తుకుపోతాడు. అందుకని సగం విరిచి, కోటు లోపల ప్రత్యేకంగా కుట్టించి పెట్టుకున్న జేబులో దోపుకుంటాడు. మిగతా సగాన్ని పరుపు కుట్టు విప్పి రంపపు పొట్టులోకి దూర్చి, టోపీలో గుచ్చి ఉంచిన సూదీ దారం తీసి మళ్లీ కుట్టేస్తాడు. ఈలోగా పనికి బయలుదేరమని కేకలు మొదలవుతాయి.

అలెగ్జాండర్ సోల్జెనిత్సిన్ స్టాలిన్ శిబిరాల గురించి రాసిన ‘ఇవాన్ డెనీసొవిచ్ జీవితంలో ఒక రోజు’ అనే చిన్న నవలలో ఇదంతా కొద్ది వాక్యాల పని. కానీ ఆ కుట్టు పడ్డాక ఆ రొట్టెముక్క మన బుర్రను వదలదు. మంచులో నడుస్తున్నా, గోడ కడుతున్నా, తనిఖీకి గుండీలు విప్పుకుని నిలబడినా, ‘పరుపు సోదా చేసి ఉంటారా, రొట్టె ఉందా, పోయిందా’ అన్న దిగులు షూహొవ్‌తో పాటు మనకూ ఉంటుంది. ఖైదీ ఆలోచనలకు కూడా స్వేచ్ఛ లేదనీ, తిరిగి తిరిగి అక్కడికే వస్తాయనీ పనికి నడిచిపోయే దారిలో ఒక్కచోట మాత్రం కథకుడు పైకి చెబుతాడు. ఆ మాట చెప్పే సమయానికి మన ఆలోచన కూడా ఆ పరుపు దగ్గరే ఉంటుంది. ఈ రచయిత పనితనం నాకు మొదట పట్టుబడింది అక్కడే.

చెర గురించి రాసేవాళ్లకు ఒంటికి జరిగేది చూపించడం కష్టమే అయినా దారి తెలిసిన కష్టం. ఆకలి, చలి, దెబ్బలు, వీటికి మాటలున్నాయి. మనసుకు జరిగేదాన్ని చూపించడం ఎలా? ‘అతని మనసు కూడా బందీ అయిపోయింది’ అని రాసేస్తే చదివినవాడు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాడు. సోల్జెనిత్సిన్ అలాంటి వాక్యంతో సరిపెట్టలేదు. షూహొవ్ దేని గురించి ఆలోచిస్తాడో, దేని గురించి ఆలోచించడం మానేశాడో అదే వరసలో మన ముందు పెట్టుకుంటూ పోయాడు.

రచయితకు ఇది విని రాసిన సంగతి కాదు. 1918లో పుట్టిన సోల్జెనిత్సిన్ రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో కెప్టెన్. స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో స్టాలిన్‌ను విమర్శించాడని 1945 ఫిబ్రవరిలో అరెస్టు చేసి, ఎనిమిదేళ్ల శిక్ష వేశారు. ఆ శిక్షలో చివరి భాగం కజకిస్థాన్‌లోని ఎకిబస్తూజ్ శిబిరంలో గడిచింది. అక్కడ ఆయన తాపీపని చేశాడు. తర్వాత ర్యాజాన్ ఊళ్లో బడిపంతులుగా ఉంటూ 1959లో ఈ నవల రాశాడు. ‘నోవీ మీర్’ పత్రిక సంపాదకుడు త్వర్‌దోవ్‌స్కీ పట్టుబట్టి సోవియట్ అధినేత క్రుశ్చేవ్ దాకా తీసుకెళ్లి అనుమతి తెచ్చాడు. 1962 నవంబరులో అచ్చయింది. స్టాలిన్ శిబిరాల లోపలి బతుకు సోవియట్ పత్రికలో అలా బాహాటంగా రావడం అదే మొదలు.

నవలకు అధ్యాయాలు లేవు. ఉదయం ఐదింటికి రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టే మోతతో మొదలై, రాత్రి దుప్పటి ముసుగేసుకునేదాకా ఒకటే ధార. ఊపిరి తీసుకోవడానికి రచయిత ఎక్కడా ఖాళీ ఇవ్వడు. కథ చెప్పేది ప్రథమ పురుషలోనే అయినా గొంతు మాత్రం షూహొవ్‌ది. పల్లెటూరి రైతు మాట, అందులో కలిసిపోయిన శిబిరం మాట. రచయితకు తెలిసిన గణితం, సాహిత్యం, చరిత్ర ఆ గొంతులోకి ఎక్కడా చొరబడవు. ఇంత చదువుకున్న మనిషి తన తెలివిని అంత దూరంగా ఉంచుకోవడానికి ఎంత నిగ్రహం కావాలో రాసేవాళ్లకు తెలుస్తుంది.

ఆ గొంతుతో చూస్తే లోకం ఎంత చిన్నదైపోతుందో గమనించండి. చలి సున్నాకు దిగువన ఇరవై ఏడున్నర డిగ్రీలు. నలభై ఒకటి దాటితే పనికి పంపకూడదని నియమం. కాబట్టి ఈ చలి షూహొవ్‌కు చలిగా కాక, దాటని గీతగా లెక్కకొస్తుంది. ఒళ్లు వెచ్చబడితే వైద్యశాలకు వెళతాడు. 37.2 ఉంది. ఇంకాస్త ఉంటే సెలవు దొరికేది. చెంచా చూడండి. 1944లో ఉస్త్-ఇజ్మా శిబిరంలో అల్యూమినియం తీగ కరిగించి తనే పోత పోసుకున్నది. ఉన్ని బూటులో పెట్టుకుని తిరుగుతాడు. చేపల చారులో చేప మొప్పలూ తోకా కూడా నములుతాడు. కన్ను తలలో ఉంటే తింటాడు. ఊడి విడిగా తేలుతుంటే మాత్రం తినడు. మిగతావాళ్లు దీనికి నవ్వుతారు. ఎంత చలిలోనైనా భోజనానికి కూర్చుంటే టోపీ తీస్తాడు. ఎనిమిదేళ్ల శిబిరం తర్వాత కూడా ఈ మనిషి తన కోసం మిగుల్చుకున్న గీతలు ఇవి. రచయిత వీటిని ఆత్మగౌరవం అని పిలవడు. కన్ను, టోపీ, అంతే.

ఇంటి సంగతికి వస్తే నాకు అన్నిటికన్నా భయం వేసేది అక్కడే. ఏడాదికి రెండు ఉత్తరాలు రాసుకోవచ్చు. కానీ ఏం రాయాలి? ఊళ్లో మగవాళ్లు అచ్చుల మీద రంగులు వేసి తివాచీలు తయారు చేసి డబ్బులు చేసుకుంటున్నారని భార్య రాస్తుంది. నువ్వూ వచ్చాక అదే పని చెయ్యమని ఆశపడుతుంది. షూహొవ్‌కు ఆ లోకం అర్థం కాదు. ఇంట్లోవాళ్లతో కన్నా, పక్కన గోడ కట్టే లాత్వియా వాడు కిల్గాస్‌తో చెప్పుకోవలసిన మాటలే ఎక్కువైపోయాయి. అసలు విడుదల కావాలని ఉందో లేదో కూడా అతనికి తెలియడం లేదని పుస్తకం చివర తెలుస్తుంది. ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. ముళ్లకంచె మనిషి లోపలికి ఎంతదాకా వచ్చేసిందో ఆ రెండు మూడు చోట్లే తెలిసిపోతుంది.

ఇక గోడ.

మధ్యాహ్నం నుంచి షూహొవ్ బృందం, 104వ నంబరు దళం, సగంలో ఆగిపోయిన విద్యుత్ కేంద్రంలో రెండో అంతస్తు గోడ కడుతుంది. షూహొవ్ తనకు నప్పిన తాపీని ఎవరికీ తెలియకుండా దాచుకుంటాడు. రోజూ కొత్తది తీసుకుంటే చేతికి కుదరదు. గోడ మీద మంచు గీకడంతో మొదలుపెడతాడు. ఇంతకుముందు ఎవడో పని తెలియనివాడు కట్టిన భాగం ఒకచోట లోపలికి కుంగి ఉంది. ఒక్క వరసలో సరిచెయ్యడం కుదరదు, మూడు వరసలు పడుతుంది. ఆ లెక్క కళ్లతోనే వేసుకుంటాడు. ఎవడో కట్టిన ఆ గోడ ఆ క్షణం నుంచి అతని సొంతమైపోతుంది. మాలు పైకి రాగానే వెయ్యాలి, చలికి గడ్డ కట్టేస్తుంది. ఎంత వెయ్యాలో అంతే వెయ్యాలి. దిమ్మె పెట్టిన వెంటనే సర్దాలి. వంకరగా కూర్చుందా, మాలు బిగిసిపోయాక ఇక కదలదు. దిమ్మెలన్నీ ఒకే తీరుగా ఉండవు. ఒకదానికి మూల విరిగి ఉంటుంది, ఒకదానికి అంచు ఉబ్బి ఉంటుంది. ఏ దిమ్మె ఎక్కడ కూర్చోవాలో చూపు పడగానే తెలుస్తుంది.

ఇక్కడ వాక్యాల నడక మారుతుంది. అప్పటిదాకా అటూ ఇటూ చూస్తూ, అనుమానిస్తూ, లెక్కలు వేస్తూ సాగిన కథనం ఒక్కసారిగా పనిలో పడుతుంది. మాలు, దిమ్మె, మాలు, దిమ్మె. కథకుడి మాటల్లోకి ‘మనం’ వచ్చి చేరుతుంది. పొద్దుటినుంచి వేధించిన ఒళ్లునొప్పులు ఏమయ్యాయో రచయిత చెప్పడు, మనమూ అడగం. పరుపులో రొట్టె సంగతి షూహొవ్ మరిచిపోయాడు. ఆశ్చర్యం ఏమిటంటే మనమూ మరిచిపోయాం. పుస్తకం మొదటినుంచీ మన మెడలో తగిలించిన ఆ దిగులును రచయిత ఈ కొన్ని పేజీల్లో ఎప్పుడు తీసేశాడో తెలియదు. మనసుకు చెర అంటే ఏమిటో చెప్పడానికి, అది లేని కొద్దిసేపు ఎలా ఉంటుందో చూపించాడు. ఇంతకన్నా మంచి పద్ధతి నేనెరగను.

పని ముగిసిన మోత వినిపిస్తుంది. మాలు మిగిలిపోయింది. పారబొయ్యడానికి షూహొవ్‌కు మనసొప్పదు. మిగతావాళ్లు గేటు దగ్గరికి పరుగెడుతుంటే, చెవుడున్న సేన్కా ఒక్కడూ తోడుండగా ఇంకా దిమ్మెలు పేరుస్తాడు. ఆలస్యమైతే కాపలావాళ్లు ఏం చేస్తారో తెలిసీ, దిగబోతూ ఒకసారి వెనక్కి వెళ్లి గోడను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసుకుంటాడు. కన్నే రసమట్టం. చెయ్యి ఇంకా ముసలిది కాలేదని తృప్తి.

క్రుశ్చేవ్‌కు ఈ ఘట్టం, అందులోనూ మాలు వృథా కానివ్వని ఆ బుద్ధి చాలా నచ్చిందని సోల్జెనిత్సినే తర్వాత రాసుకున్నాడు. మంచి శ్రామికుడి కథగా చదువుకున్నాడన్నమాట. అలా చదివితే పుస్తకం సగమే అందుతుంది. షూహొవ్ ప్రభుత్వం కోసం కట్టడం లేదు. దళానికి వచ్చే రేషను పనిమీద కన్నా, నాయకుడు త్యూరిన్ లెక్కలు ఎలా రాయిస్తాడన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుందని అతనికి తెలుసు. అతని బతుకులో ఇతరుల చేతికి చిక్కనిది ఒక్కటే మిగిలింది, పని వచ్చిన చెయ్యి. ఆ చేతితో కట్టేది తనను బంధించినవాళ్లకే పనికొస్తుందన్నదీ నిజమే. రెండు నిజాల్నీ రచయిత ఒకే గోడలో కలిపి కట్టాడు. వాటిలో ఏదో ఒకటి ఎంచుకొమ్మని మనల్ని అడగడు.

గోడ దిగగానే దిగులు మళ్లీ పట్టుకుంటుంది. పనిచోట దొరికిన హాక్సా బ్లేడు ముక్క చేతితొడుగులో ఉంది. చెప్పులు కుట్టే కత్తిగా అరగదీస్తే నాలుగు రొట్టెలు సంపాదించిపెడుతుంది. దొరికితే చీకటి కొట్టు. తనిఖీలో కాపలావాడు ఒక తొడుగు నొక్కి చూస్తాడు. అది ఖాళీది. రెండోది అందుకునేలోపు పక్కనుంచి తొందరపెట్టే కేక వినిపిస్తుంది, వదిలేస్తాడు. ఒక రోజు బాగా గడిచిందనడానికి ఎంత చిన్న సంగతి కారణమవుతుందో ఆ ఒక్క నొక్కులో ఉంది.

చుట్టూ ఉన్నవాళ్లను కూడా రచయిత ఇదే కొలతతో చూపిస్తాడు. నౌకాదళ కెప్టెన్ బూయినోవ్‌స్కీ కొత్తగా వచ్చాడు, గొంతులో ఇంకా ఓడ కెప్టెన్ ఉన్నాడు. చలిలో చొక్కాలు విప్పించడం చట్టవిరుద్ధమని అరిచి పది రోజుల కొట్టు తెచ్చుకుంటాడు. సినిమా మనిషి సేజర్‌కు పార్శిళ్లు వస్తాయి. వెచ్చని గదిలో కూర్చుని ఐజెన్‌స్టైన్ చిత్రంలోని కళ గురించి వాదిస్తుంటే, అవతలి ముసలి ఖైదీ నియంత మెప్పుకోసం తీసినదాంట్లో కళ ఏమిటని మండిపడతాడు. షూహొవ్ అంబలి గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంటాడు. ఇద్దరిలో ఒక్కరూ అతన్ని చూడరు. నాకు మరీ ఇష్టమైనవాడు యూ-81 నంబరు ముసలాయన. ఎన్నేళ్లనుంచి లోపలున్నాడో లెక్కలేదు. నోట్లో పళ్లు లేవు. అయినా భోజనం బల్ల దగ్గర నడుం వంచడు. అందరూ గిన్నె మీదకు వంగితే ఆయన చెక్క చెంచాను నోటిదాకా ఎత్తుతాడు. రొట్టెను మురికి బల్ల మీద పెట్టకుండా, ఉతికిన గుడ్డ పరిచి దాని మీద పెడతాడు. ఒక్క పేరా. ఆయన పేరేమిటో, నేరమేమిటో మనకు తెలియదు. ఇంకొకరైతే ఆయనకో గతం కల్పించి పాడుచేసి ఉండేవారు.

ముసలాయనకు ఆ గుడ్డలాగే సోల్జెనిత్సిన్‌కు కూడా శిబిరంలో పట్టుకుని నిలబడే ఆధారం ఒకటుండేది. కాగితం దాచుకోవడం ప్రమాదం కాబట్టి పద్యాలు కట్టి కంఠస్థం చేసేవాడు. లిథువేనియా నుంచి వచ్చిన కాథలిక్ ఖైదీలు నమిలిన రొట్టెతో జపమాలలు చేసుకోవడం చూసి, తనకూ ఒకటి చేయించుకుని పూసకో పాదం చొప్పున లెక్కపెట్టుకుంటూ వేల పాదాలు నిలుపుకున్నాడు. ఎక్కువ మాట ఎక్కడా లేని ఈ నవల అక్కడ నేర్చిన పొదుపులోంచే వచ్చిందని నా నమ్మకం.

ఈ నవల చదివినవాళ్లు అక్కడితో ఆపకుండా ఆయన పెద్ద నవల ‘మొదటి వలయంలో’ కూడా చదవాలి. 1968లో పాశ్చాత్య దేశాల్లో వెలువడింది. అక్కడా ఖైదీలే, కానీ శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు. మాస్కో శివార్లలోని ప్రత్యేక పరిశోధనాలయంలో వెచ్చగా ఉంటారు. ప్రొఫెసర్లకు రోజుకు 40 గ్రాముల వెన్న, ఇంజనీర్లకు 20. పుస్తకాలుంటాయి, వాదనలుంటాయి. ఆకలి లేదు. టెలిఫోన్‌లో మాట్లాడినవాడెవడో గొంతును బట్టి పట్టేసే పద్ధతి కనిపెట్టడం వాళ్లలో కొందరి పని. షూహొవ్ దగ్గర ఆకలి కడుపూ, తనదైన చెయ్యీ ఉన్నాయి. వీళ్లకు కడుపు నిండింది, కానీ జైలుకు కావలసింది వీళ్ల మెదడే. వాళ్ల పని ఫలించి, ఒక దౌత్యాధికారి దొరికిపోతాడు. నవల నాయకుడు నెర్జిన్ మాత్రం ఆ వెన్న వదులుకుంటాడు. పని ఒప్పుకోకపోతే మామూలు శిబిరానికి, అంటే షూహొవ్ ఉన్నటువంటి చోటికి, పంపేస్తారని తెలిసే ఒప్పుకోడు.