కనుగూటిలోని నీడలు

సీటీ యంత్రము మా ఆసుపత్రి గుమ్మము త్రొక్కకపూర్వము, కన్ను ముందుకు పొడుచుకొని వచ్చినదని చెప్పుకొనుచు వచ్చిన రోగిని మా గురువుగారు ముక్కాలిపీటపై కూర్చుండబెట్టి, తాము వెనుక నిలిచి, అతని తలను కొంచెము వెనుకకు వంచి, నుదుటి మీదుగా క్రిందికి తొంగి రెండు గ్రుడ్లను సరిపోల్చి చూచెడివారు. గ్రుడ్డు తిన్నగా ముందుకు వచ్చినచో గడ్డ కండరముల నడుమ, నేత్రనాడి దాపున ఉండవచ్చుననియు, క్రిందికిని ముక్కువైపునకును ఒరిగినచో పై మూలనున్న బాష్పగ్రంథిని శంకింపవలెననియు మాకు చెప్పి, పిమ్మటనే ఎక్స్‌రేకు చీటీ వ్రాసెడివారు.

కనుగూడు సుమారు 30 మిల్లీలీటర్ల చోటు, అనగా రెండు పెద్ద చెంచాల నీరు పట్టునంత. అందులోనే గ్రుడ్డును, దానిని త్రిప్పు కండరములును, నాడియు, రక్తనాళములును ఇమిడి, మిగిలిన సందులను కొవ్వు నింపియుండును. లోకము నిందించు ఆ కొవ్వే మా పాలిటి భాగ్యము. సీటీలో అది నల్లగా పడుట చేతనే తక్కినవన్నియు దాని మీద ముగ్గు వేసినట్లు తేటపడును.

1971లో లండనులో తొలి రోగి తలకు సీటీ తీసిన చాలకాలమునకు గాని ఆ యంత్రము మాకు దక్కలేదు. వచ్చిన క్రొత్తలో, అడ్డముగా తీసిన బొమ్మలు మాత్రమే చూచి, ఒక నడివయస్కురాలి కనుగూటి కొనలో గుండ్రని గడ్డ కలదని నేను ధీమాగా వ్రాసితిని. గురువుగారు ఫిలిమును వెలుగుపెట్టె మీదనుండి తీసి, ముఖమునకు సమాంతరముగా మరల బొమ్మలు తీయించిరి. గడ్డ లేదు, థైరాయిడు రోగముచే ఉబ్బిన క్రింది కండరమే అడ్డకోతలో గుండ్రమై నన్ను వంచించినది. కండరము నడుమ లావెక్కియు, గ్రుడ్డునంటు కొనవద్ద సన్నగానే యుండుట ఆ రోగపు గుర్తని నేను పుస్తకమున చదివియే యుంటిని. చదువుట వేరు, చూచుట వేరు.

పసిబిడ్డల కంటి క్యాన్సరగు రెటినోబ్లాస్టోమా విషయమున, బొమ్మను తప్పుగా చదువుదుమేమోనను భయము ఇంకను హెచ్చు. సూది గ్రుచ్చి ముక్క తీసినచో కణములు గ్రుడ్డు వెలుపలికి జారునను భీతిచే ఆ పని చేయరు. కావున తెరమీది బొమ్మయే ప్రధాన సాక్ష్యము. గడ్డలోని సున్నపు రేణువులను అల్ట్రాసౌండే చాలవరకు పట్టియిచ్చును. వంశపారంపర్యపు దోషము గల బిడ్డకు సీటీ కిరణములు మరియొక క్యాన్సరుకు దారితీయవచ్చునని నేడు ఎమ్మారైనే కోరుదురు.

పదవీవిరమణకు ముందటి యేట ఒక తల్లి ఏడాదిన్నర బిడ్డను చంకనెత్తుకొని వచ్చి, ఫోనులో పుట్టినరోజు ఫోటో చూపినది. ఒక కంటిపాప ఎర్రగాను, రెండవది తెల్లగాను మెరయుచున్నవి. “ఫోను పాతదమ్మా, వెలుగు పడి అట్లా వచ్చిందిలే అన్నారండీ ఇంట్లో అందరూ. నాకే మనసు ఒప్పలేదు,” అన్నది. ఎమ్మారై పూర్తియైన పిదప నివేదిక వ్రాయుచు, పూర్వపు చిత్రములను పేర్కొను పంక్తిలో ఆ పుట్టినరోజు తేదీని వేసి, ప్రక్కన ‘తల్లి తీసినది’ అని చేర్చితిని.