చాటింపునకు హద్దు

ఈ వారము గంగారంలో ఒక కార్యాలయమునకు పోయితిని. ధ్రువపత్రముల కొరకు అడవిపల్లెలనుండి వచ్చి, ఉదయమునుండి "నెట్ లేదు, రేపు రండి" అను మాటనే వినుచు కూర్చున్న జనులను చూచి మనస్సు క్షోభించినది. కరెంటు పోలేదు, ఫైబరు తెగలేదు; ఊడ్చునపుడు వ్రేలాడుచుండిన కేబులు కొసను ఎవరో, దాని రెండవ కొస ఉన్న నెట్‌వర్కు స్విచ్చులోనే మరియొక పోర్టున గ్రుచ్చిరి. ఆ స్విచ్చు దీపములన్నియు ఒక్క లయలో, క్షణమైన విడువక మిణుకుచుండెను.

బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమును స్విచ్చు, అది వచ్చిన పోర్టును విడిచి, తక్కిన పోర్టులన్నింటికిని పంపును; ఐ.పి. ప్యాకెట్టునకువలె ఈథర్నెట్ ఫ్రేమునకు ఆయుఃపరిమితి లేనందున, అట్లు రెండు కొసలును ఒకే స్విచ్చున కలిసి ఏర్పడిన లూపులో చిక్కిన ఫ్రేము అంతములేక తిరుగును. 64 బైట్ల ఫ్రేములతో నిండిన నూరు మెగాబిట్ల పోర్టుపై అవి సెకనునకు 1,48,800 పైచిలుకు. ప్రతి కంప్యూటరును ప్రతిదానిని విప్పి చూడవలసినదే. బ్రాడ్‌కాస్టులకు హద్దు కట్టు స్టార్మ్ కంట్రోల్ గల మేనేజ్డ్ స్విచ్చునే కొనుడని ఈ శీర్షికలో ఎన్నిమార్లు వ్రాసితినో పాఠకులెరుగుదురు. ఆ హద్దును పోర్టు వేగములో ఒక్క శాతమునకు బిగింపుడని ఈ మారు వ్రాయబూనితిని.

అంతలో చిన్ననాటి చాటింపు జ్ఞప్తికి వచ్చినది. పూనుగొండ్లనుండి పెనక వంశపు పూజారులు పగిడిద్దరాజును కాలినడకన మేడారము జాతరకు కొనిపోవు ప్రాంతము మాది. ఇచట డప్పు మ్రోగినచో చేతిపని విడిచి వాకిటికి రానివారుండరు. చాటింపువాడు ఏ యింటివారిని పేరుపెట్టి పిలువడు. అందరును విందురు, పని గలవారు కదలుదురు. "ఈ చిరునామా ఎవరిది?" అని కంప్యూటరు ఎ.ఆర్.పి. ద్వారా వేయు బ్రాడ్‌కాస్టు కేకయు అట్టిదే. కంప్యూటరు పొరుగువానిని ఎరుగుట ఆ కేకతోనే.

స్టార్మ్ కంట్రోలునకు మంచి కేక, చెడు కేక అను వివక్ష లేదు. హద్దు దాటినచో ఆ సెకనులో మిగిలిన బ్రాడ్‌కాస్టులన్నింటిని త్రోసివేయును. కరెంటు పోయి వచ్చి యంత్రములన్నియు ఒక్కమారు లేచి చిరునామాలు కోరునపుడు, మిక్కిలి బిగించిన హద్దు ఆ కోరికలనే మ్రింగును. అప్పుడును జనులు వినవలసినది "నెట్ లేదు" అనియే. పైగా హద్దు ఈ బ్రాడ్‌కాస్టుల తుపానును తగ్గించునే గాని లూపును త్రెంచదు. దానిని త్రెంచునది 1985లో రేడియా పెర్ల్‌మన్ కల్పించిన స్పానింగ్ ట్రీ.

కావున కార్యాలయములవారికి నా మనవి: ముందు స్పానింగ్ ట్రీని ఆన్ చేయుడు, కరెంటు వచ్చిన వేళతో సహా వారము దినములు బ్రాడ్‌కాస్టులను కొలిచి, ఆ కొలతకు చాల పైన హద్దు నిలుపుడు, ప్రతి కేబులు కొసకును చీటీ కట్టుడు.