నరాన్ని కాల్చే ముందు

విశాఖపట్నం ఒళ్ళు వంచి పనిచేసేవారి ఊరు. 1933లో రేవు తెరుచుకున్న నాటి నుంచి బస్తాలు మోసిన కలాసీల భుజాల మీదా, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలో మూడు షిఫ్టులూ నిలబడినవారి నడుముల మీదా, చేపలరేవులో తెల్లవారకముందే గంపలు నెత్తికెత్తుకునే ఆడవారి మోకాళ్ళ మీదా ఈ నగరం సంపాదన ఆధారపడింది. యంత్రాలు వచ్చాక మోసే బరువు తగ్గిందే గాని ఒంటి మీది ఒత్తిడి పూర్తిగా పోలేదు; రేవులో క్రేన్ నడిపే మనిషి ఎత్తైన క్యాబిన్‌లో కూర్చుని, కాళ్ళ కిందనున్న అద్దంలోంచి ఓడ అడుగుకు చూస్తూ, మెడా నడుమూ ముందుకు వంచి గంటల తరబడి పనిచేయాల్సిందే. అందువల్లనే కాబోలు, ఇక్కడి ఇళ్ళలో నడుము నొప్పిని ఒక జబ్బుగా కాక, ఉద్యోగంతో పాటు దక్కే భత్యంలా చూస్తారు.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అటు నొప్పి బిళ్ళలకూ ఇటు పెద్ద ఆపరేషన్‌కూ నడుమ దీనికి ఉన్న చికిత్సల్లో రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ ఒకటి. నొప్పి కబురును మెదడుకు చేరవేసే సన్నని నరాన్ని సూది కొసన పుట్టించిన వేడితో దెబ్బతీసి, ఆ కబురును కొంతకాలం ఆపడమే ఈ పద్ధతి. జనం మాటల్లో చెప్పాలంటే నరం కాల్చడం. ఇందులో కాల్చే పని తేలిక, అది ఒకటిన్నర నిమిషంలో ముగుస్తుంది. ఏ నరాన్ని కాల్చాలి, అసలు ఈ మనిషిలో కాల్చవలసిన నరం ఉన్నదా లేదా అన్నది తేల్చడమే అసలు విద్య, కానీ రోగికీ అతని బంధువులకూ ఎక్కువగా కనిపించేది మాత్రం యంత్రమే.

వేడితో నొప్పిని తీయాలన్న ఆలోచన ఈ నేలకు కొత్తది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకు ఒక అధ్యాయమే ఉంది. పల్లెల్లో కామెర్లకూ కడుపు నొప్పికీ వాతలు పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అయితే వాత చర్మాన్ని కాలుస్తుందే తప్ప లోపలి నరాన్ని తాకదు. కొత్త మంట పుట్టినప్పుడు పాత నొప్పి కాసేపు మరుగున పడటం తప్ప దానివల్ల ఒరిగేది లేదు, పసిపిల్లలకైతే అది హింస. పేరులో ఈ కాల్చడం ఉండటం వల్లనే ఆధునిక చికిత్స గురించి కూడా ఒక భయం స్థిరపడిపోయింది: నరం కాలిస్తే కాలు చచ్చుబడిపోదా అని.

ఆ భయం నిరాధారమైనది కాదు గాని, ఇక్కడ కాల్చే నరం వేరు. వెన్నుపూసల వెనుక భాగంలో, పై పూసనూ కింది పూసనూ కలుపుతూ రెండు వైపులా చిన్న చిన్న కీళ్ళు ఉంటాయి. వీటిని ఫాసెట్ కీళ్ళు అంటారు. మోకాలి కీలు అరిగినట్టే ఇవీ అరుగుతాయి, వాస్తాయి, వెనక్కి వంగినప్పుడో పక్కకు తిరిగినప్పుడో కలుక్కుమంటాయి. ఈ కీళ్ళ నొప్పిని మోసుకెళ్ళేది మీడియల్ బ్రాంచ్ అనే దారమంత నరం. అది ఆ కీలుతో పాటు వెన్నును ఆనుకుని ఉండే మల్టిఫిడస్ అనే లోతు కండరానికి మాత్రమే అందుతుంది. కాలిని కదిలించే నరాలు పూసల పక్క రంధ్రాల్లోంచి బయటపడి ముందువైపుగా సాగిపోతాయి కనుక, సూది తన చోటున ఉన్నంతవరకు వాటికి వేడి తగలదు. ఇదే కారణంగా, నడుము నుంచి మడమ దాకా కరెంటు షాకులా గుంజే సయాటికాకు ఈ కాల్చడం పనికిరాదు. అక్కడ నొప్పిని మోసే నరమే కాలినీ కదిలిస్తుంది. అలాంటి చోట్ల విద్యుత్తును తెరలు తెరలుగా పంపి, వేడిని 42 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వని పల్స్‌డ్ పద్ధతిని వాడతారు. దానికున్న రుజువులు మాత్రం ఇంకా బలహీనమే.

ఈ విద్య ఎన్ని తప్పుటడుగులు వేసి నడక నేర్చిందో తెలిస్తే దాని మీద గౌరవమూ పెరుగుతుంది, జాగ్రత్తా పెరుగుతుంది. అమెరికాలోని బోస్టన్‌లో బెర్నార్డ్ కాస్మన్ తదితరులు 1950లలో నరాలను వేడిచేసే తొలి రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రాలను తయారు చేశారు. 1970ల మొదట్లో ఆస్ట్రేలియా వైద్యుడు రీస్, నడుములోకి సన్నని కత్తి దించి ఫాసెట్ కీళ్ళ నరాలను కోశానని, దాదాపు నూటికి నూరు మందికీ నయమైందని ప్రకటించాడు. ఆ కత్తి నరం దాకా చేరేంత పొడవే లేదని, అది కోసింది కండరాన్నేనని తరువాత ఇతరులు తేల్చారు. కత్తి వల్ల రక్తస్రావం ఎక్కువని భావించిన అమెరికా వైద్యుడు షీలీ దాని స్థానంలో రేడియో ఫ్రీక్వెన్సీ సూదిని ప్రవేశపెట్టాడు. ఆ ఫలితాలూ ఆశాజనకంగానే వెలువడ్డాయి. 1979లో నికొలాయ్ బొగ్డుక్, లాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు శవపరిచ్ఛేదాలు చేసి చూస్తే, అంతవరకు సూదులు గురిపెట్టిన చోట్లలో నరమే లేదు. లేని నరాన్ని కాల్చినా ఇంతమందికి నొప్పి తగ్గిందంటే, నొప్పిని అంచనా వేయడంలో మనిషి ఆశకూ వైద్యుడి నమ్మకానికీ ఎంత చోటున్నదో ఊహించవచ్చు. ఏ పెయిన్ క్లినిక్ గోడ మీదనైనా పటం కట్టి పెట్టదగిన చరిత్ర ఇది.

నరం ఎక్కడున్నదో తేలాక సూదిని ఎలా ఆనించాలన్న ప్రశ్న వచ్చింది. యంత్రం సెకనుకు దాదాపు 5 లక్షల సార్లు దిశ మారే విద్యుత్తును పంపుతుంది; సూది పొడవునా ఇన్సులేషన్ తొడుగు ఉండి, కొసన సుమారు 10 మిల్లీమీటర్ల లోహం మాత్రమే బయటికి ఉంటుంది; తొడకు అతికించిన పలక ద్వారా విద్యుత్తు తిరిగి యంత్రానికి చేరుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సూది ఎర్రగా కాలి కండను కాల్చదు. కొస చుట్టూ ఉన్న కణజాలంలోని లవణ కణాలు విద్యుత్తు వెంట అటూ ఇటూ ఊగి, ఆ రాపిడికి కణజాలమే వేడెక్కుతుంది, దానివల్ల సూది వేడెక్కుతుంది. సూదిలోని ఉష్ణమాపకం ఆ వేడిని కొలుస్తూ ఉంటే యంత్రం దాన్ని 80 డిగ్రీల దగ్గర 90 సెకన్ల పాటు నిలుపుతుంది. 45 డిగ్రీలు దాటితే నరం దెబ్బతినడం మొదలవుతుంది. నూరుకు దగ్గరైతే కణజాలంలోని నీరు మరిగి, మాడి, ప్రమాదం తెస్తుంది. కాలిన భాగం సూది కొసకు ముందు కాక పక్కల కోలగా ఏర్పడుతుంది కనుక, సూదిని నరం మీద నిటారుగా గుచ్చితే నరం తప్పించుకునే అవకాశం ఎక్కువ. నరం వెంబడి పక్కన పడుకోబెట్టినట్టు ఆనిస్తే దాని నిడివి చాలా మేరకు కాలుతుంది. బొగ్డుక్ బృందమే 1980లలో ఈ సంగతినీ చూపింది.

ఆపరేషన్ గదిలో రోగి బోర్లా పడుకుంటాడు. పూర్తి మత్తు ఇవ్వరు, అతని మాటే వైద్యుడికి ఆధారం గనుక. సి-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రాన్ని కాస్త ఏటవాలుగా తిప్పితే తెర మీద ఒక్కో పూస చిన్న కుక్కపిల్ల బొమ్మలా కనబడుతుంది. పై కీలు కొమ్ము దాని చెవి, పక్క కొమ్ము దాని ముక్కు, పూస మెడ దాని కన్ను. చెవి ముక్కును కలిసే పల్లంలో, కంటికి కాస్త పైగా, ఎముకను ఆనుకుని నరం సాగుతుంది. ఒక్కో కీలుకు రెండు నరాలు అందుతాయి కనుక, నడుములో నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్యనున్న ఒక్క కీలుకు సైతం రెండు సూదులు కావాలి. సూది చేరాక, ముందు సెకనుకు 50 సార్లు చొప్పున సన్నని విద్యుత్తు పంపి రోజూ వచ్చే నొప్పి ఉన్నచోటే చురుకు తెలుస్తున్నదా అని అడుగుతారు; తరువాత సెకనుకు 2 సార్లకు తగ్గించి చూస్తారు. అప్పుడు వెన్ను కండరం టకటకా అదరవచ్చు గాని కాలు అదరకూడదు. కాలు అదిరితే సూదిని తీసి మళ్ళీ దించవలసిందే. అంతా కుదిరాక స్థానిక మత్తు ఇచ్చి కాలుస్తారు.

ఇదంతా చేయి తిరిగిన పని. దీనికన్నా ముందు జరగవలసిన ఒక చిన్న పని మాత్రం చాలాసార్లు హడావుడిలో జారిపోతుంది. ఎమ్మారైలో కీలు అరిగినట్టు కనిపించినంత మాత్రాన నొప్పి ఆ కీలుదేనని చెప్పలేము; నొప్పి ఎరగని నడి వయసు వారి పూసలూ ఫిల్ములో అరిగే కనిపిస్తాయి. దీర్ఘకాలిక నడుము నొప్పిలో ఫాసెట్ కీళ్ళ వాటా ఎంతన్న దాని మీద అంచనాలు 15 శాతం నుంచి 45 శాతం దాకా ఊగిసలాడుతున్నాయంటేనే ఈ నిర్ధారణ ఎంత జారుడు నేలో తెలుస్తుంది. అందుకే అనుమానించిన నరం పక్కన అర మిల్లీలీటరు స్థానిక మత్తుమందు వేసి, ఆ కొద్ది గంటల్లో నొప్పి ఎంత తగ్గిందో చూస్తారు. దీన్ని పరీక్ష సూది అనవచ్చు. రోగి ఆ గంటల్లో మంచం మీద పడుకోకుండా, నొప్పి తెచ్చే పనులే చేసి, గంట గంటకూ నొప్పిని కాగితం మీద రాసుకోవాలి. ఒక్క సూదితోనే తేల్చేస్తే, తగ్గిందని చెప్పినవారిలో సుమారు మూడో వంతు మందికి ఆ తగ్గుదల మందుది కాక నమ్మకానిదయ్యే అవకాశం ఉంది. అందుకే జాగ్రత్తపరులు మరో రోజు రెండోసారి వేసి చూస్తారు.

ఈ జల్లెడ ఎంత ముఖ్యమో రెండు అధ్యయనాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2000లో డ్రైఫస్ బృందం రెండు పరీక్ష సూదుల్లోనూ నెగ్గిన 15 మందికే, సూదిని నరం వెంబడి ఆనించి చికిత్స చేసినప్పుడు, ఏడాది తరువాత కూడా 60 శాతం మందికి నొప్పి కనీసం 90 శాతం మేరకు తగ్గింది. పోల్చి చూసేందుకు మరో వర్గం లేకపోవడం అందులోని లోటు. 2017లో నెదర్లాండ్స్‌లో 681 మందితో మూడు పరీక్షలుగా జరిగిన పెద్ద అధ్యయనంలో, వ్యాయామానికి ఈ చికిత్సను జోడించినందువల్ల చెప్పుకోదగ్గ అదనపు మేలు కనబడలేదు. అక్కడ ఒక్క పరీక్ష సూదితో నొప్పి సగం తగ్గితే చాలని ఎంచుకున్నారని, సూదులు ఆనించిన తీరూ సరికాదని విమర్శకులు అన్నారు. విమర్శలో బలం ఉంది. అయితే మామూలు ఆసుపత్రుల్లో జరిగేది డ్రైఫస్ పద్ధతి కన్నా నెదర్లాండ్స్ పద్ధతికే దగ్గర అన్నదీ మరచిపోరాదు.

నడుము తరువాత ఈ చికిత్స ఎక్కువగా వినిపించేది మోకాలికే. కీలు మార్పిడికి వయసో గుండె జబ్బో అడ్డొచ్చిన వారికి, మోకాలి చుట్టూ ఉండే జెనిక్యులర్ నరాల్లో మూడింటిని కాలుస్తారు. బయటివైపు కిందనున్న నాలుగోదాన్ని మాత్రం వదిలేస్తారు, పాదాన్ని పైకెత్తే నరం దాని పక్కనే పోతుంది గనుక. ముఖంలో మెరుపుల్లా పోట్లు వచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియాది మరో కథ: పన్ను నొప్పి అనుకుని బాగున్న పళ్ళు పీకించుకున్నాక గాని చాలామంది సరైన వైద్యుడి దగ్గరకు చేరరు. అక్కడ చెంప గుండా పుర్రె అడుగు రంధ్రంలోకి సూది దించుతారు; నొప్పి పోవడంతో పాటు ముఖంలో కొంత భాగం మొద్దుబారుతుంది, కంటి పొర స్పర్శ కోల్పోతే కన్నే ప్రమాదంలో పడవచ్చు. ఇది న్యూరోసర్జన్ల పని. 1923లో ఆంధ్ర వైద్య కళాశాల మొదలైన ఈ ఊళ్ళో, 1950లలోనే బాలపరమేశ్వరరావు గారు న్యూరోసర్జరీ విభాగానికి పునాది వేశారు కనుక, నరాల మీద సూది పట్టే విద్యకు విశాఖలో వేళ్ళు లోతుగానే ఉన్నాయి.

కాలిన నరం శాశ్వతంగా పోదు. నరకణం వెన్నెముక దగ్గర బతికే ఉంటుంది, దాని తీగ మెల్లగా తిరిగి పెరుగుతుంది, ఆరు నెలలకో ఏడాదికో నొప్పి మళ్ళీ రావచ్చు. వస్తే మళ్ళీ చేయవచ్చు. చికిత్స చేసిన తొలి రెండు వారాలు ఆ చోట ఎండ తగిలి కమిలినట్టు మంట ఉండటం కూడా మామూలే. కాబట్టి ఇది నయం చేసే వైద్యం కాదు, నొప్పి లేని కొన్ని నెలలను చేతికిచ్చే వైద్యం. ఆ నెలల్లో నడుము కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, పని తీరు మార్చుకోవడం జరగకపోతే డబ్బూ సూదీ రెండూ వృథా. ఇందులో రోగి చేతిలో లేనిదీ కొంత ఉంది. నొప్పి తగ్గిందని మర్నాటి నుంచే అతన్ని అదే సీటులో, అదే బస్తా కింద నిలబెట్టే యాజమాన్యానికి ఈ చికిత్స ఒక సౌకర్యంగా మారే ప్రమాదం ఉంది. రేవుకూ ఉక్కు కర్మాగారానికీ సొంత ఆసుపత్రులున్నాయి. నడుముకు చికిత్స పొందిన కార్మికుడు ఏ పనికి తిరిగి వెళ్ళాలో అక్కడి వైద్యుడు రాసిచ్చే చీటీకి, సూదికి ఇచ్చేంత విలువ ఇవ్వాలి.

ఇక రోగికి చెప్పవలసింది ఇంతే. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండెలో పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. ఎమ్మారై ఒక్కటి చూసి, పరీక్ష సూది మాట ఎత్తకుండా, మొదటి రోజునే నరం కాలుస్తామంటే ఒప్పుకోనక్కరలేదు. ముందు పరీక్ష సూది వేయమని అడగాలి, వేయనంటే మరో వైద్యుడికి చూపించుకోవాలి.