జాగిలం ముక్కుకు రోజూ సాధనే

ఎక్కడైనా పెద్ద దొంగతనం జరిగితే మర్నాడు పేపర్లో ఒక వాక్యం చూస్తుంటాం: ‘పోలీసు జాగిలం మెయిన్ రోడ్డు దాకా వెళ్లి ఆగిపోయింది.’ చదివినవాళ్లు పెదవి విరుస్తారు. దొంగ అక్కడ బండెక్కితే వాసన జాడ తెగిపోతుంది. ఎటు వెళ్లాడో అంతవరకు చూపడమే జాగిలం పని. ఆ దారిలో కెమెరాలు, సాక్షులను వెతుక్కోవడం పోలీసుల పని.

మన నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1951లో మద్రాసు పోలీసులు డాగ్ స్క్వాడ్ పెట్టారు. ఇప్పుడు మన రాష్ట్ర పోలీసు జాగిలాలకు మంగళగిరి ఆరో బెటాలియన్‌లో శిక్షణ ఇస్తున్నారు. నేరస్థుడి జాడ తీసేది ఒకటి, పేలుడు పదార్థాలు పసిగట్టేది ఇంకొకటి, గంజాయి పట్టేది మరొకటి. నెల్లూరు వైపు మూడింటికీ పనుంటుంది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు లక్షల్లో జనం వస్తారు. చెన్నై వెళ్లే హైవే, రైలు మార్గం ఈ జిల్లా మీదుగానే పోతాయి.

శిక్షణ ఆటతో మొదలవుతుంది. వరసగా పెట్టెలు పెట్టి, ఒకదాంట్లో గంజాయి వాసన పట్టించిన గుడ్డ దాస్తారు. కుక్క ఆ పెట్టె దగ్గర ఆగిన క్షణాన బంతి నోటికందిస్తారు. దానికి గంజాయితో పని లేదు, బంతి కావాలి. బాంబు జాగిలం మాత్రం వాసన తగలగానే అరవకుండా, గోకకుండా చప్పుడు చేయక కూర్చోవాలి. పంజా విసిరితే ప్రాణాలకే ముప్పు. తర్వాత పక్క పెట్టెల్లో తినుబండారాలు, కుక్క బంతి, శిక్షకుడి చేతి తొడుగులు పెడతారు. వాటికి లొంగకుండా అసలు వాసననే పట్టాలి. తీరంలో పనిచేసే కుక్క ఎండుచేపల కంపుకు, డీజిల్‌కు అలవాటు పడాలి.

నేర్పడం కంటే నిలబెట్టడం కష్టం. సరుకు ఎక్కడ దాచారో కుక్కను నడిపించే హ్యాండ్లర్‌కు తెలిస్తే అక్కడ అతని అడుగు తడబడుతుంది, తాడు బిగుస్తుంది. కుక్క వాసన వదిలేసి మనిషిని చదువుతుంది. అందుకే అతనికి తెలియకుండా వేరొకరు దాచాలి. అప్పుడప్పుడు ఏమీ దాచకుండానే వెతికించాలి. లేకపోతే బంతి ఆశతో ఉత్తినే కూర్చోవడం అలవాటవుతుంది. రోజుల తరబడి ఏమీ దొరకకపోతే ఉత్సాహం చస్తుంది కాబట్టి, చివర్లో ఒకటి దాచి గెలిపించాలి.

గాలినీ చూసుకోవాలి. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి వీస్తుంటే, వాసన ముక్కుకు ఎదురొచ్చేలా పడమటి నుంచి తూర్పుకు వెతకాలి. ఎండాకాలంలో ఇసుక అరికాళ్లను కాలుస్తుంది. నోరు తెరిచి రొప్పే కుక్క సరిగా వాసన చూడలేదు. అందుకే ఆ రోజుల్లో పని తెల్లవారుజామునే ముగించాలి.

జాగిలం చూపినంత మాత్రాన నేరం రుజువు కాదు. 1969లో అబ్దుల్ రజాక్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి సాక్ష్యానికి పెద్దగా బరువు ఇవ్వలేదు. అది దర్యాప్తుకు దారి చూపుతుంది, అంతే. ఆ దారి నిక్కచ్చిగా ఉండాలంటే కొత్త కుక్కల్ని కొనడంతో సరిపెట్టక, ఉన్నవాటి రోజువారీ సాధనకు సమయం, మనుషుల్ని ఇవ్వాలి.

మనం చేయాల్సిందీ ఒకటుంది. దొంగతనం జరిగిన గదిలోకి ఎవరినీ పోనివ్వకండి, ఏదీ ముట్టుకోకండి. జాగిలం వచ్చేసరికి ఇరుగుపొరుగంతా తొక్కేసిన చోట ఏ శిక్షణా పనిచేయదు.