ప్రాక్సీ పాట: ఒక విమర్శనాత్మక పరిశీలన

రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో దేవాలయ భూముల కౌలుకు జరిగే బహిరంగ వేలం మీరు చూసే ఉంటారు. ‘ఒకటోసారి, రెండోసారి’ అన్నాక ఎవరైనా పాట పెంచితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆన్‌లైన్ వేలంలో మన తరఫున యంత్రమే పాడుతుంది. దీన్ని ప్రాక్సీ పాట అంటారు. ఇది నిజంగా మేలైన పద్ధతేనా అన్నది ఈ భాగంలో పరిశీలిద్దాం.

ముందు పద్ధతి గమనించండి. ఒక ఇత్తడి గంగాళానికి మీరు గరిష్ఠంగా రూ.10,000 అని రహస్యంగా నమోదు చేశారు. రెండో పాటదారు గరిష్ఠం రూ.7,000. కనీస పెంపు రూ.250. యంత్రం మీ తరఫున రూ.7,250 పాడి ఆగుతుంది. గెలిచినవారు రెండో పాటను బట్టి చెల్లించే ఈ సూత్రాన్ని 1961లో విశ్లేషించిన విలియం విక్రీకి 1996లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వస్తువు మీకెంత విలువో మీకు తెలిస్తే, ఆ మొత్తాన్నే నిజాయితీగా చెప్పడం లాభమని ఈ సూత్రం సారాంశం.

కనీస పెంపు ఈ సూత్రాన్ని కొంత చెడగొడుతుంది. రెండో పాటదారు గరిష్ఠం రూ.9,900 అనుకోండి. రూ.250 కలిపితే మీ పరిమితి దాటుతుంది. కనుక మీరు రూ.10,000, అంటే మీ సొంత పాటనే చెల్లిస్తారు. పెంపు పెద్దదైన కొద్దీ ఈ పరిస్థితి ఎక్కువవుతుంది.

అంతకన్నా పెద్ద లోపం ముగింపులో ఉంది. ఈబేలో గడువు ముగియగానే వేలం ఆగిపోతుంది. అమెజాన్ ఒకప్పుడు నడిపిన వేలంలో మాత్రం చివరి పది నిమిషాల్లో పాట పడితే గడువు పెరిగేది. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో చివరి క్షణపు పాటలు ఈబేలోనే ఎక్కువని తేలింది. ముందే పాడితే ఎదుటివారు చూసి పెంచుతారు. చివరి సెకనులో పాడితే వారికి బదులిచ్చే వ్యవధి ఉండదు. పెంచగలవారు ఉండి కూడా పాట ఆగిపోతే అమ్మకందారు నష్టపోతాడు. ఇదే నియమాన్ని దేవాలయ భూమికి పెడితే తగ్గేది దేవాలయ ఆదాయమే.

కాబట్టి ప్రాక్సీ పాట శ్రమను తగ్గించింది గాని, ‘మూడోసారి’ నియమం ఇచ్చే అవకాశాన్ని అది ఒక్కటే ఇవ్వలేదు. వేలంలో దిగే ముందు మీ గరిష్ఠంతో పాటు కనీస పెంపు, ముగింపు నియమాలు కూడా సరిచూసుకోండి.

అభ్యాసం: పై ఉదాహరణలో రెండో పాటదారు గరిష్ఠం కూడా రూ.10,000 అయి, మీరే ముందు నమోదు చేసి ఉంటే గెలుపు ఎవరిది? ధర ఎంత?
జవాబు: ముందు నమోదు చేసినవారికే ప్రాధాన్యం ఉంటే గెలుపు మీదే. ధర రూ.10,000.