ఒక బొమ్మల పుస్తకం, రెండు పఠనాలు

సారా బ్రానెన్ రాసిన ‘అంకుల్ బాబీస్ వెడ్డింగ్’లో క్లోయి అనే చిన్నపిల్ల బెంగ ఒక్కటే: పెళ్ళయితే బాబీకి తనతో గడిపే తీరిక ఉండదేమోనని. అతడు పెళ్ళాడేది మరో పురుషుణ్ణి. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ బడుల్లో ఇటువంటి పుస్తకాల పాఠాలనుంచి పిల్లలను తప్పించే వీలును 2023లో తొలగించగా, కొందరు ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో వారి పక్షం వహించింది.

ఆలిటో తీర్పు ఈ కథలో ఒక ఉపదేశాన్ని చదివింది. సోటోమయోర్ తన అసమ్మతికి పుస్తకాన్ని మొత్తంగా జతచేసింది (సాహిత్య విమర్శకులే అరుదుగా చేసే పని!). ఆమె పఠనమే కథకు దగ్గర. అయితే ఆ పెళ్ళి కథలో ఎవరికీ అభ్యంతరం కాకపోవడమే తల్లిదండ్రులకు వినిపించిన ఉపదేశం. బోర్డు వీటిని భాషాపాఠాలన్నది. పిల్లల ప్రశ్నలకు ఉపాధ్యాయులు చెప్పదగిన జవాబులను మాత్రం ముందే రాసియిచ్చింది. ఆలిటో వాదనకు బలమిచ్చింది కథకన్నా ఆ కాగితాలే.